పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కి రిమోట్ వాల్యూమ్ పెట్టుకోవడం ఎలా?

"మా ఇంట్లో పాత ఆంప్లిఫయర్ ఉంది. సౌండ్ ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. కానీ ప్రతిసారీ లేచి వెళ్లి నాబ్ తిప్పాల్సి వస్తోంది. దీనికి రిమోట్ పెట్టొచ్చా?" మాటలు అటూఇటూ మారినా తరచూ వచ్చే ప్రశ్న ఇదే. పెట్టొచ్చు. చాలా సెట్లకి మూత కూడా తీయక్కర్లేదు. అయితే అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే వాల్యూమ్ కంట్రోల్ పీకేయడానికి సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి కూర్చుంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. అందుకే ఇక్కడ తేలిక పద్ధతులు ముందు, కష్టమైనవి తర్వాత చెబుతున్నాను. మీ సెట్‌కి మొదట ఏది కుదిరితే అక్కడే ఆగిపోండి.

అసలు ఏమీ కొనక్కర్లేని వాళ్లు

మీరు ఫోన్‌లోంచి బ్లూటూత్ మీద మాత్రమే పాటలు వింటుంటే మీ రిమోట్ ఫోనే. ఆంప్లిఫయర్ నాబ్ ఒకచోట పెట్టేసి ఫోన్ బటన్లతో పెంచుకోండి, తగ్గించుకోండి.

టీవీ మాత్రమే కలుపుతుంటే, టీవీకి ఇయర్‌ఫోన్ జాక్ ఉందేమో చూడండి. చాలా టీవీల్లో ఆ జాక్‌లోంచి వచ్చే సౌండ్ టీవీ రిమోట్‌తోనే పెరుగుతుంది, తగ్గుతుంది. 3.5 ఎంఎం పిన్ను నుంచి రెండు ఏవీ పిన్నులకి వెళ్లే వైరు ఒక్కటి చాలు. టీవీ వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, ఆంప్లిఫయర్ నాబ్‌ని దానికి తగ్గట్టు సర్దుకోండి. ఇయర్‌ఫోన్ జాక్ లేక ఆప్టికల్ అవుట్ మాత్రమే ఉంటే, డిజిటల్ సౌండ్‌ని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే డాక్ అనే చిన్న డబ్బా కావాలి. దాన్ని పెట్టినప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని పీసీఎంకి మార్చండి. డాల్బీలో వదిలేస్తే చవక డాక్‌లు మూగబోతాయి, లేదా బుస్సుమంటాయి. ఇంకో సంగతి: చాలా టీవీల్లో ఆప్టికల్ సౌండ్ రిమోట్‌తో మారదు. కాబట్టి డాక్ కొనేముందు రిమోట్‌తో వాల్యూమ్ మారేది అడిగి తీసుకోండి.

సీడీ ప్లేయర్, రికార్డ్ ప్లేయర్, టీవీ, ఫోన్ అన్నీ ఒకే ఆంప్లిఫయర్‌కి కలిపినవాళ్లు కింద చదవండి.

చేయకూడనివి

ఆంప్లిఫయర్ కరెంటు వైరుని ఫ్యాన్ రెగ్యులేటర్ గుండా ఇచ్చి, దానికి రిమోట్ రెగ్యులేటర్ పెడితే సరిపోతుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. సరిపోదు. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, సౌండ్ పగిలిపోతుంది, వాల్యూమ్ మాత్రం మీరనుకున్నట్టు తగ్గదు.

స్పీకర్ వైర్ల మధ్యలో కంట్రోల్ పెట్టడం కూడా వద్దు. అక్కడ పారేది పెద్ద కరెంటు. మామూలు వాల్యూమ్ కంట్రోల్ అక్కడ పెడితే నిమిషంలో కాలిపోతుంది. వాల్యూమ్ తగ్గించాల్సింది చిన్న సిగ్నల్ దగ్గరే, అంటే ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేయకముందే.

రిమోట్‌తో వచ్చే యూఎస్‌బీ, బ్లూటూత్, ఎఫ్ఎం కిట్ గురించి కూడా ఒక మాట. అసెంబుల్డ్ ఆంప్లిఫయర్లలో ఇప్పుడు అందరూ అది బిగిస్తున్నారు. దాని రిమోట్ సాధారణంగా ఆ కిట్‌లో మోగే పాటనే తగ్గిస్తుంది. పక్కన ఆక్స్‌లో కలిపిన టీవీకీ సీడీకీ దానితో సంబంధం ఉండదు. "రిమోట్ ఉందిగా" అని కొని తర్వాత తలపట్టుకునేది ఇక్కడే.

కావలసినవి

- రిమోట్ వాల్యూమ్ బాక్స్ లేదా బోర్డు. రిమోట్ ప్రీఆంప్ అనీ అంటారు. రెండు ఏవీ ఇన్, రెండు ఏవీ అవుట్ ఉండాలి.
- పొట్టి ఏవీ వైర్లు రెండు జతలు. అర మీటరు చాలు. బయట అల్లిక ఉన్న షీల్డ్ వైరు తీసుకోండి.
- మల్టీమీటర్. వందల్లో దొరికేదైనా పర్వాలేదు.
- పాడైనా బాధలేని పాత స్పీకర్ ఒకటి, పరీక్షకి.
- మూత తీసే పని ఉంటే: 25 నుంచి 35 వాట్ల ఐరన్, సోల్డరింగ్ లెడ్, లెడ్ పీల్చే పంపు, షీల్డ్ వైరు, హీట్ ష్రింక్ స్లీవ్, 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో అయితే రిచ్చీ స్ట్రీట్‌లో ఇవన్నీ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొంటే బోర్డు మీది ఐసీ (చిప్) నంబరు ఫొటోలో చదవగలిగితేనే కొనండి.

ఐసీ నంబరుతో ఏం పని అంటారా? సీడీ ప్లేయర్ పూర్తి సిగ్నల్ 2 వోల్టులు. అది ఆర్ఎంఎస్ (ఒకరకం సగటు) లెక్క. శిఖరం నుంచి లోయ దాకా కొలిస్తే 5.6 వోల్టులు దాటుతుంది. వాల్యూమ్ ఐసీకి 5 వోల్టుల సప్లయి ఒక్కటే ఇచ్చిన బోర్డులో అంత సిగ్నల్ పట్టదు. గట్టిగా కొట్టే డ్రమ్ము దగ్గర, గొంతు ఎత్తిన చోట కరకరలాడుతుంది. వాల్యూమ్ తగ్గించినా ఆ కరకర పోదు, ఎందుకంటే సిగ్నల్ పగిలేది లోపలికి వచ్చేచోటే. కాబట్టి పీటీ 2258 లాంటి ఐసీ అయితే 9 వోల్టులు ఇచ్చే బోర్డు చూడండి. పీజీఏ 2311 అయితే దానికి ప్లస్ 5, మైనస్ 5 రెండూ ఉంటాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. డబ్బు కాస్త ఎక్కువైనా నేను రెండోదానికే ఓటేస్తాను. అందులో వాల్యూమ్ అర డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) చొప్పున మారుతుంది. పీటీ 2258లో ఒక్కో డీబీ చొప్పున మారుతుంది, అది కూడా ఇంట్లో వినడానికి చాలు.

మొదటి పద్ధతి: టేప్ మానిటర్ గుండా

1970లు, 80లు, 90ల స్టీరియో ఆంప్లిఫయర్ల వెనక 'టేప్ ఇన్', 'టేప్ అవుట్' అనో, 'ప్లే', 'రెక్' అనో రెండు జతల సాకెట్లు ఉంటాయి. ముందు వైపు 'టేప్ మానిటర్' అని ఒక బటన్ ఉంటుంది. క్యాసెట్ డెక్‌లో రికార్డు చేస్తూ ఆ రికార్డింగే వినడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ బటన్ నొక్కితే మీరు ఎంచుకున్న ఇన్‌పుట్ సిగ్నల్ ఆంప్లిఫయర్ బయటికి వచ్చి, డెక్ గుండా తిరిగి, మళ్లీ లోపలికి వెళ్తుంది. డెక్ స్థానంలో రిమోట్ బాక్స్ పెడితే మన పని అయిపోయినట్టే. రికార్డ్ ప్లేయర్‌తో సహా అన్ని ఇన్‌పుట్‌లకీ రిమోట్ వచ్చేస్తుంది.

1. లూప్ (సిగ్నల్ బయటికి వెళ్లి తిరిగొచ్చే ఆ దారి) ఉందో లేదో తేల్చుకోండి. ఆ సాకెట్లలో ఏమీ పెట్టకుండా ఒక పాట పెట్టి, 'టేప్ మానిటర్' నొక్కండి. సౌండ్ పూర్తిగా ఆగిపోవాలి. ఆగితే లూప్ ఉన్నట్టే.

జాగ్రత్త: 'టేప్' అన్నది విడిగా బటన్‌గా కాకుండా సీడీ, ట్యూనర్, ఆక్స్‌లతో పాటు ఒకే సెలెక్టర్‌లో ఉంటే అది మామూలు ఇన్‌పుట్ అవ్వొచ్చు. అక్కడ అవుట్‌ని ఇన్‌కి కలిపితే సౌండ్ రాకపోవచ్చు, లేదా కీచుమని అరవొచ్చు. అలాంటి సెట్‌కి ఈ పద్ధతి వదిలేయండి.

2. నాబ్ పూర్తిగా తగ్గించండి. ఒక ఏవీ వైరుతో 'టేప్ అవుట్'ని నేరుగా 'టేప్ ఇన్'కి కలపండి. మానిటర్ బటన్ నొక్కే ఉంచి నాబ్ మెల్లగా పెంచండి. పాట మామూలుగా వినపడాలి. బటన్ నొక్కినా తీసినా తేడా తెలియకూడదు. ఒక వైపే వస్తుంటే ఆ బటన్ లోపల తుప్పు పట్టి ఉంటుంది. కరెంటు తీసేసి పాతికసార్లు నొక్కి వదలండి. అప్పటికీ రాకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. బాక్స్ కొనకముందే ఈ పరీక్ష చేయండి. బాక్స్ కలిపాక ఒక స్పీకర్ మూగబోయిందని తెచ్చిన బాక్సులు వాపసు పంపేవాళ్ల ఇళ్లలో తప్పు చాలాసార్లు ఈ బటన్‌దే.

3. బాక్స్‌ని విడిగా పరీక్షించండి. ఆంప్లిఫయర్‌కి కలపకముందు దానికి కరెంటిచ్చి వాల్యూమ్ సగానికి పెట్టండి. ప్లగ్ పీకి, పది సెకన్లాగి మళ్లీ పెట్టండి. ఏ వాల్యూమ్‌లో లేచింది? పాతచోటే లేస్తే మంచిది, సున్నాలో లేచినా మంచిదే. పూర్తి వాల్యూమ్‌లో లేస్తే ఆ బాక్స్ వాపసు ఇచ్చేయండి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో అది స్పీకర్లకి ప్రమాదం.

4. అదే సమయంలో మీ ఇంట్లోని టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఏసీ రిమోట్లు అన్నీ దానివైపు తిప్పి నొక్కి చూడండి. చవక బోర్డులు వాడే రిమోట్ కోడ్‌లు ఇంకో వస్తువు రిమోట్‌తో కలిసిపోవడం మామూలే. టీవీ ఛానల్ మారిస్తే పాట వాల్యూమ్ పెరిగితే నవ్వొస్తుంది కానీ, రాత్రి పదకొండింటికి రాదు.

5. అన్నిటికీ కరెంటు తీసేసి కలపండి. ఆంప్లిఫయర్ 'టేప్ అవుట్' నుంచి బాక్స్ 'ఇన్'కి. బాక్స్ 'అవుట్' నుంచి ఆంప్లిఫయర్ 'టేప్ ఇన్'కి. తెలుపు ఎడమ, ఎరుపు కుడి. ఇన్, అవుట్ తిరగేసి పెడితే ఏమీ కాలదు, సౌండ్ రాదంతే.

6. ఇప్పుడు గరిష్ఠ హద్దు కట్టండి. ఇది అందరూ దాటేసే మెట్టు. ఆంప్లిఫయర్ నాబ్ సున్నాలో ఉంచి, రిమోట్‌తో బాక్స్‌ని పూర్తిగా పెంచండి. మీ దగ్గరున్న బాగా మోతగా ఉండే పాట పెట్టి, నాబ్‌ని మెల్లగా పెంచుతూ, మీ ఇంట్లో ఎప్పటికైనా కావలసిన అత్యధిక మోత దగ్గర ఆపండి. అక్కడ నాబ్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఇకనుంచి నాబ్ అక్కడే ఉంటుంది. మేడమీద ట్యాంకు దగ్గర గేట్ వాల్వు కొంచెమే తెరిచి, కింద కుళాయితో వాడుకున్నట్టు. పిల్లలు రిమోట్ మీద కూర్చున్నా ఆ గీత దాటి సౌండ్ పోదు.

పీజీఏ 2311 బోర్డు కొన్నవాళ్లు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆ ఐసీ సిగ్నల్‌ని తగ్గించడమే కాదు, 31.5 డీబీ దాకా పెంచగలదు కూడా. పెంచడం మీకు అవసరం లేదు. డిస్‌ప్లే ఉంటే 0 డీబీ దగ్గర గరిష్ఠం పెట్టుకునే సెట్టింగ్ వెతకండి. అది లేకపోతే గీత పెట్టేటప్పుడు బాక్స్ నిజంగా పై చివరలో ఉందని ఖాయం చేసుకోండి.

7. మానిటర్ బటన్ నొక్కే ఉంచాలని ఇంట్లో అందరికీ చెప్పండి. ఎవరైనా దాన్ని పైకి లేపితే బాక్స్ దారిలోంచి తప్పుకుంటుంది, పాట ఒక్కసారిగా పూర్తి మోతతో వస్తుంది. గీత దగ్గర హద్దు కట్టి ఉంటుంది కాబట్టి ఏమీ పాడవదు, కానీ గుండె జారుతుంది.

క్యాసెట్ డెక్ ఇంకా వాడుతుంటే 'టేప్ 2' ఉందేమో చూడండి, దాన్ని బాక్స్‌కి ఇచ్చేయండి. ఏవీ సాకెట్ల బదులు ఐదు రంధ్రాల గుండ్రటి డిన్ సాకెట్ ఉన్న పాత సెట్లలో రికార్డింగ్ వైపు సిగ్నల్ చాలా తక్కువగా వస్తుంది. మార్చే వైరు కొని కలిపినా సౌండ్ పీలగా ఉంటుంది. వాటికి మూడో పద్ధతి చూడండి.

రెండో పద్ధతి: 'ప్రీ అవుట్', 'మెయిన్ ఇన్'

కొన్ని సెట్ల వెనక ఈ రెండు జతల సాకెట్లనీ యు ఆకారంలో వంచిన లోహపు పుల్లలు కలుపుతూ ఉంటాయి. కరెంటు తీసి, పుల్లలు లాగేసి, ఆ మధ్యలో బాక్స్ పెట్టొచ్చు. పని చేస్తుంది. కానీ టేప్ లూప్ ఉన్నంతకాలం నేను దీని జోలికి పోను. ఇక్కడ బాక్స్ వాల్యూమ్ నాబ్‌కి అవతల ఉంటుంది కాబట్టి బాక్స్ చేసే చిన్న సర్రుమనే శబ్దం నాబ్ తగ్గించినా పోదు. ఆన్ చేసేటప్పుడు బాక్స్ 'టప్' మంటే అది నేరుగా స్పీకర్లకే. ఇది వాడితే వరుస తప్పొద్దు: ముందు బాక్స్ ఆన్, ఐదారు సెకన్ల తర్వాత ఆంప్లిఫయర్. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్. తీసిన పుల్లల్ని కవర్లో వేసి మూతకి అంటించండి. అవి పోతే మళ్లీ దొరకడం కష్టం.

మూడో పద్ధతి: వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు చేర్చడం

ఎల్ఏ 4440 బోర్డులతో, ఎస్‌టీకే ఐసీలతో మన ఊళ్లలో కట్టిన చెక్కపెట్టె ఆంప్లిఫయర్లకి టేప్ లూప్ ఎక్కడిది? కానీ వాటిలో ఇంకో సుఖం ఉంది. వాల్యూమ్ కంట్రోల్ బోర్డు మీద కాకుండా ముందు ప్యానెల్‌కి బిగించి, వైర్లతో కలిపి ఉంటుంది. ట్రాక్‌లు (బోర్డు మీది రాగి గీతలు) కోయక్కర్లేదు.

ముందు ప్రమాదం సంగతి. స్విచ్ ఆఫ్ చేయడం చాలదు, ప్లగ్ పీకండి. పది నిమిషాలు ఆగండి. తర్వాత మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి పెద్ద కెపాసిటర్ల రెండు కాళ్ల మధ్య చూడండి. 2 వోల్టుల కంటే తక్కువ ఉంటేనే చేయి పెట్టండి. ఎక్కువుంటే 1 కిలో ఓమ్ రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న ముక్కుపట్టకారుతో పట్టుకుని ఒక నిమిషం ఆ కాళ్లకి ఆనించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు తెప్పించే అలవాటు మానండి. లోపల వాల్వులు (వెలిగే గాజు గొట్టాలు) ఉన్న సెట్ అయితే మీరు అసలు చేయి పెట్టొద్దు. వాటిలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి.

1. వాల్యూమ్ కంట్రోల్‌కి రెండు వరుసల్లో మూడేసి పిన్నులు ఉంటాయి. ఒక వరుస ఎడమ చానల్‌ది, ఇంకోటి కుడిది. నాబ్ తిప్పే కాడ మీవైపు, పిన్నులు కిందికి ఉండేలా పట్టుకుంటే ప్రతి వరుసలో ఎడమ చివరది గ్రౌండ్, మధ్యది అవుట్, కుడి చివరది ఇన్. ఏ వైరూ తీయకముందు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి.

2. 'ఇన్' పిన్నులకి వచ్చే రెండు వైర్లను మాత్రమే విప్పండి. మిగతా నాలుగు పిన్నుల జోలికి వెళ్లొద్దు.

3. విప్పిన రెండు వైర్లూ బాక్స్ 'ఇన్'కి వెళ్లాలి. బాక్స్ 'అవుట్' నుంచి షీల్డ్ వైర్లు తెచ్చి ఖాళీ అయిన ఆ 'ఇన్' పిన్నులకి వేయండి. ఇన్‌పుట్ వైపు షీల్డ్‌ని సెలెక్టర్ దగ్గరి గ్రౌండ్‌కీ, అవుట్‌పుట్ వైపు షీల్డ్‌ని వాల్యూమ్ కంట్రోల్ గ్రౌండ్ పిన్నుకీ వేయండి. హమ్మింగ్ వస్తే రెంటిలో ఒక వైపు షీల్డ్‌ని ఆంప్లిఫయర్ చివర మాత్రమే విప్పి చూడండి. రెండూ విప్పేయొద్దు, మోత ఇంకా పెరుగుతుంది.

4. బోర్డు పవర్‌కి ఆంప్లిఫయర్ లోపలి 12 వోల్టులు వాడుకోవాలనిపిస్తుంది. వద్దు. పాటలో బేస్ కొట్టినప్పుడల్లా ఆ వోల్టేజీ ఊగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. 9-0-9 చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విడిగా పెట్టండి, లేదా బోర్డుతో పాటు వచ్చిన అడాప్టర్ బయట ఉంచండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని వాల్యూమ్ కంట్రోల్‌కీ ఇన్‌పుట్ వైర్లకీ ఎంత దూరంగా పెడితే అంత మంచిది.

ఇక్కడ కూడా పాత నాబ్ బతికే ఉంది, గమనించారా? మొదటి పద్ధతిలో చెప్పినట్టే హద్దు గీత పెట్టుకోండి.

నాలుగో పద్ధతి: మోటారు ఉన్న వాల్యూమ్ కంట్రోల్

రిమోట్ నొక్కితే నాబ్ దానంతట అదే తిరగడం చూడముచ్చటగా ఉంటుంది. ఎక్కువమంది అడిగేది కూడా ఇదే. చేత్తో తిప్పినా పనిచేస్తుంది, సిగ్నల్ దారిలో కొత్త ఐసీ ఏదీ చేరదు. కానీ పాత కంట్రోల్ పీకాలి, కొత్తది సరిగ్గా పట్టాలి. అది అంత సులువు కాదు. ఒరిజినల్‌గా ఉన్న మంచి కంపెనీ సెట్‌కి ఇది చేయొద్దనే నా సలహా.

చేసి తీరాలనుకుంటే, కొనేముందు వీటిని కొలవండి:

విలువ. పాత కంట్రోల్ మీద ఏ50కే, ఏ100కే లాంటి అచ్చు ఉంటుంది. అచ్చు కనపడకపోతే, కంట్రోల్‌ని బోర్డు నుంచి విప్పాకే రెండు చివరి పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. బోర్డు మీద ఉండగా కొలిస్తే తక్కువ చూపిస్తుంది, తప్పు కంట్రోల్ కొంటారు.

రకం. మామూలుగా ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్. కానీ పాత యూరప్ సెట్లలో ఈ అక్షరాలు తారుమారుగా ఉండొచ్చు. నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి గ్రౌండ్ పిన్నుకీ మధ్య పిన్నుకీ కొలవండి. మొత్తంలో సగం వస్తే లీనియర్. పది నుంచి ఇరవై శాతం వస్తే లాగ్. వాల్యూమ్‌కి కావలసింది లాగ్. లీనియర్ పెడితే మొదటి పావు తిప్పుకే చెవులు పగులుతాయి, మిగతా తిప్పుకి పెద్దగా మార్పుండదు.

పిన్నులు. ఒక్కో వరుసలో మూడు కాక నాలుగు ఉంటే నాలుగోది 'లౌడ్‌నెస్' బటన్‌ది. ఆరు పిన్నుల మోటారు కంట్రోల్ వేస్తే ఆ బటన్ పనిచేయదు.

కొలతలు. కాడ గుండ్రమా, ఒకవైపు చదునా, పళ్లున్నదా? కాడ పొడవెంత? వెనక మోటారు పట్టేంత చోటు ఉందా? మోటారు కంట్రోల్ మామూలుదానికి రెట్టింపు లోతు ఉంటుంది. స్కేలు పెట్టి చూడకుండా కొనొద్దు.

ఇక పని.

1. ప్లగ్ పీకి, కెపాసిటర్ల వోల్టేజీ చూసి, ఫొటోలు తీశాక పాతది విప్పండి. ఒక్కో పిన్ను లెడ్ పంపుతో పూర్తిగా లాగేశాక, కంట్రోల్ దానంతట అది కదిలితేనే తీయండి. పాత గోధుమరంగు బోర్డుల్లో ట్రాక్ అంటుకుని ఉన్నది పేరుకే. ఐరన్ నాలుగు సెకన్లకి మించి ఆనిస్తే లేచి వచ్చేస్తుంది.

2. కొత్తది బోర్డు రంధ్రాలకి కుదరడం అరుదు. ఆరు షీల్డ్ వైరు ముక్కలతో కలిపి, కంట్రోల్‌ని ముందు ప్యానెల్‌కి నట్‌తో బిగించండి. ముక్కలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పాత కంట్రోల్ ఒళ్లు గ్రౌండ్‌కి కలిసి ఉంటే కొత్తదానికీ కలపండి.

3. మోటారుకి రిసీవర్ బోర్డు (రిమోట్ సిగ్నల్ అందుకునేది) నుంచే కరెంటివ్వండి. రెడీమేడ్ కిట్ అయితే వైర్లు కలపడమే. ఆర్డుయినోతో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) సొంతంగా చేసుకునేవాళ్లు మోటారుని దాని పిన్నుకి నేరుగా వేయొద్దు. ఎల్9110 లాంటి మోటారు డ్రైవర్ మధ్యలో ఉండాలి. రిమోట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఎన్ఈసీ రకం కోడ్ దాదాపు 110 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. కాబట్టి చివరి కోడ్ వచ్చాక 150 నుంచి 200 మిల్లీసెకన్లకి మోటారు ఆగేలా రాయండి. 100 పెడితే నాబ్ ఆగి ఆగి తిరుగుతుంది. 500 పెడితే వేలు తీశాక కూడా పరుగెడుతుంది.

4. రిసీవర్ ముక్క కాళ్లు అన్నిటికీ ఒకేలా ఉండవు. గుండ్రటి ముక్కు మీవైపు పెట్టుకుంటే టీఎస్ఓపీ 1738కి ఎడమ నుంచి గ్రౌండ్, ప్లస్, అవుట్. వీఎస్ 1838బీకి అవుట్, గ్రౌండ్, ప్లస్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోటి కలిపితే అది వేడెక్కి పోతుంది. ప్లస్ వైపు 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ముక్క దగ్గరే గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే ఎల్ఈడీ బల్బుల అల్లరి బాగా తగ్గుతుంది.

5. ముందు ప్యానెల్‌కి రంధ్రం కొట్టకండి. డయల్ గాజు వెనక చోటుంటే అక్కడ, లేదంటే మూడు వైర్లతో బయటికి తెచ్చి కింద అంచుకి అంటించండి. నేరుగా ఎండ పడే కిటికీకి ఎదురుగా వద్దు.

6. నాబ్‌ని రెండు చివరలకీ తీసుకెళ్లి చూడండి. చివర తగిలాక మోటారు కాసేపు జారుతూ తిరగడం మామూలే, లోపల క్లచ్ ఉంటుంది. 'పెంచు' నొక్కితే తగ్గుతుంటే మోటారు రెండు వైర్లూ అటూఇటూ మార్చండి.

ఏ పద్ధతైనా, చివరగా చూడాల్సినవి

మూత తీసి పనిచేసి ఉంటే, మంచి స్పీకర్లు కలపకముందే ఆంప్లిఫయర్ ఆన్ చేసి ఒక్కో చానల్ స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. వోల్టుల్లో కనిపిస్తే వెంటనే ఆపి వైర్లు తిరిగి చూడండి. తర్వాత పాత స్పీకర్‌తో పాట విని, అప్పుడు అసలువి కలపండి.

ఎడమ కుడి సమానంగా ఉన్నాయా అన్నది చెవితో తేల్చొద్దు, గది మోసం చేస్తుంది. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండు స్పీకర్ టెర్మినళ్ల దగ్గరా ఏసీ వోల్టులు చూడండి. చవక మీటర్లు ఎక్కువ హెర్ట్జ్‌లో తప్పు చూపిస్తాయి, అందుకే 200. తేడా పదో వంతు లోపు ఉంటే అది ఒక డీబీ కన్నా తక్కువ, వదిలేయండి. మోటారు కంట్రోల్ పెట్టినవాళ్లు బాగా తగ్గించిన వాల్యూమ్‌లో కూడా కొలవండి. చవక కంట్రోల్ బండారం అక్కడే బయటపడుతుంది.

పాట ఆపి, వాల్యూమ్ మామూలుగా ఉంచి, స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. గుంయ్‌మని మోత వస్తుంటే ముందు బాక్స్ అడాప్టర్‌ని ఆంప్లిఫయర్ ఉన్న స్విచ్ బోర్డులోకే మార్చండి. టీవీ యూఎస్‌బీ నుంచి పవర్ తీసుకుంటుంటే మానండి. అప్పటికీ పోకపోతే ఇన్‌పుట్‌లు ఒక్కొక్కటే పీకుతూ రండి. కేబుల్ కనెక్షన్ ఉన్న టీవీ వైరు పీకగానే మోత ఆగడం చాలా ఇళ్లలో జరిగేదే. అప్పుడు తప్పు బాక్స్‌ది కాదు. మోత పోవడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినొద్దు. మోత పోవచ్చు, కానీ లోపల లీకేజీ ఉన్న రోజు ఆ నాబ్ పట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది.

మోత గుంయ్‌మని కాక సన్నగా కిచకిచమంటుంటే అది అడాప్టర్ పని. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాతరకం అడాప్టర్ పెట్టి చూడండి. బోర్డుకి ఏసీ కావాలో డీసీ కావాలో, ఎన్ని వోల్టులో సరిచూసుకుని మరీ పెట్టండి.

రిమోట్ ఆంప్లిఫయర్‌ని ఆఫ్ చేయదు. మ్యూట్ నొక్కి పడుకుంటే సెట్ తెల్లవార్లూ వేడెక్కుతూనే ఉంటుంది, స్విచ్ దగ్గరికి లేచి వెళ్లాల్సిందే. మూత తీసి పనిచేసినవాళ్లు మూత బిగించేముందు ఏ వైరు ఎక్కడి నుంచి తీసి ఎక్కడ వేశారో ఒక కాగితం మీద రాసి, మూతకి లోపలి వైపు అంటించండి. రేపు రిపేరుకి ఇస్తే మెకానిక్‌కి అది కావాలి.